నాయన ఫోను బిల్లు, నా తిప్పలు

మా నాయనది పోస్ట్‌పెయిడ్ నంబరు. ప్లాను 399, దానిమీద 18 శాతం జీఎస్టీ కలిపి నెలకి 470.82. ఆ ఎనభై రెండు పైసలంటే ఆయనకు మొదట్నుంచీ కంటగింపే. అయినా ప్రతి నెలా తిరుపతి లీలామహల్ సర్కిల్ వైపు ఒక అంగట్లో 480 ఇచ్చి కట్టించి, చేత్తో రాసిన చీటీ జేబులో పెట్టుకొచ్చేవాడు.

ఒక నెల అంగడాయన డబ్బు తీసుకున్నాడు గానీ బిల్లు కట్టలేదు. ఔట్‌గోయింగ్ ఆగిపోయింది. చీటీ పట్టుకుని పోతే "సర్వర్ ప్రాబ్లం స్వామీ" అన్నాడు. తిరుపతిలో అందరినీ స్వామీ అనే పిలుస్తాం కదా, ఆ పిలుపుకి కోపం కూడా సరిగ్గా రాదు.

ఆ వారమే ఒక మెసేజ్: బిల్లు బాకీ ఉంది, ఈ రాత్రికి లైను కట్ అవుతుంది, ఈ నంబరుకి ఫోన్ చేయండి. వేరే నెలైతే నాయన పట్టించుకునేవాడు కాదు. ఈసారి బాకీ నిజంగానే ఉందాయె! అమ్మ ఫోన్ నుంచి చేసేశాడు. అవతలివాడు ఏదో యాప్ వేసుకోమని, పది రూపాయలు పంపితే లైను వస్తుందని చెబుతున్నాడు. నేను వంటింట్లోంచి వచ్చేసరికి యాప్ సగం దిగింది. ఫోన్ లాక్కుని ఆపేశాను. డబ్బు పోలేదు. పోయుంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయాల్సి వచ్చేది.

ఇక ఆ పని నేనే తీసుకున్నా. కంపెనీ సొంత యాప్‌లో అదనపు ఖర్చు లేదు, కానీ అమ్మది వేరే కంపెనీ. ఇద్దరికీ రెండు యాప్‌లా అని యూపీఐ యాప్‌లోనే కట్టి చూశా. నంబరు కొట్టగానే భారత్ కనెక్ట్ అనే బిల్లుల చెల్లింపు వ్యవస్థ ద్వారా (ముందు బీబీపీఎస్ అనేవాళ్లు) నాయన పేరు, బిల్లు మొత్తం కనిపించాయి. అంగడి చీటీలో లేనిది ఇదే. చివరి స్క్రీన్‌లో ప్లాట్‌ఫారం ఫీజని రెండు రూపాయలు కలిపాడు. అంగట్లో అదనంగా పోయే తొమ్మిది రూపాయల చిల్లర కంటే నయమే.

అమ్మది ప్రీపెయిడ్, అక్కడ పేరు చూపించలేదు. ఒక అంకె తప్పు కొట్టి ఎవరికో రీచార్జ్ చేశా. ఫోన్ చేస్తే ఆయన "థాంక్స్ అమ్మా" అని పెట్టేశాడు. అప్పట్నుంచీ నంబరు టైప్ చేయను, కాంటాక్ట్స్‌లోంచే తీసుకుంటా.

నాయన బిల్లుకి ఆటోపే, అంటే నెలనెలా ఖాతాలోంచి దానంతటదే కట్టేసే ఏర్పాటు, పెడదామంటే ఆయన ఒప్పుకోలేదు. "నాకు చెప్పకుండా నా డబ్బు ఎట్లా పోతాది?" అదీ న్యాయమే. రిజర్వ్ బ్యాంక్ నియమం ప్రకారం 24 గంటల ముందే మెసేజ్ వస్తుందని, అక్కర్లేదనుకుంటే ఆపేయొచ్చని చూపించా. పైగా గరిష్ఠ పరిమితి 600 పెట్టా. పెన్షన్ పడే ఖాతా జోలికి పోకుండా, రెండు వేలు మాత్రమే ఉంచే వేరే ఖాతాకి కలిపా. పిన్ కొట్టేది డబ్బు ఇవ్వడానికే, తీసుకోవడానికి కాదని మాత్రం రోజూ చెప్పా, ఆయన విసుక్కునేదాకా.

మొదటి నెల ఆ మెసేజ్ రాగానే కళ్లజోడు పెట్టుకుని పైకి చదివాడు.

"అమ్మాయ్, రేపు నాలుగు వందల డెబ్బై రూపాయల ఎనభై రెండు పైసలు పోతాదంట. పోనీమంటావా?"