ఒక్క అంకె తేడా, మూడు నెలల తిరుగుడు: గోల్ఫ్ హ్యాండీక్యాప్ తెచ్చుకున్న నా అనుభవం

నిన్న సాయంత్రం కొట్టు కట్టేసే వేళకి ఫోన్‌లో మెయిల్ వచ్చింది. నా హ్యాండీక్యాప్ ఇండెక్స్, అంటే గోల్ఫ్‌లో నా ఆట స్థాయి చెప్పే అంకె, 24.7. బాగా ఆడేవాళ్లకి ఇది సున్నా దగ్గర ఉంటుంది, కొత్తవాళ్లకి గరిష్ఠంగా 54 దాకా ఇస్తారు, కాబట్టి ఆట తెలిసినవాళ్లు దీన్ని చూసి అబ్బురపడరు. కానీ ఒడిశాలోని రాయగడలో కిరాణా హోల్‌సేల్ కొట్టులో ఇరవై రెండేళ్లుగా పద్దులు రాస్తున్న నాకు నలభై ఏడేళ్ల వయసులో ఇది వచ్చింది. రాత్రంతా నిద్ర పట్టలేదు. కోపం, సంతోషం రెండూ ఉన్నాయి, అవి చల్లారకముందే రాసేస్తున్నాను.

ముందు నాకు ఈ ఆట ఎలా అంటిందో చెప్పాలి. మా నాన్న ఒక కంపెనీ కాలనీలో గ్రౌండ్ పని చేసేవారు. ఆఫీసర్లు ఆడుకోవడానికి అక్కడ ఆరు హోల్స్, అంటే చివర బంతి వేయాల్సిన గుంట ఉండే ఆట బాటలు, ఉండేవి, వాటి గడ్డి కోసి, నీళ్లు పెట్టి, గుంట చుట్టూ ఉండే గ్రీన్‌ని అరచేతిలా నున్నగా ఉంచేది ఆయనే. పొదల్లో పడ్డ బంతులు ఏరి ఇవ్వడం నా పని. 1991లో అలీ షేర్ ఇండియన్ ఓపెన్ గెలిచాడు. మన దేశపు ప్రొఫెషనల్ ఒకడు ఆ టోర్నమెంట్ గెలవడం అదే మొదలు, అతనూ ఆటగాళ్ల బ్యాగు మోసే క్యాడీగా మొదలైనవాడే. ఆ వార్త ఉన్న పేపరు ఒక ఆఫీసరు మా నాన్నకి ఇస్తే ఆయన ఇంటికి తెచ్చి, మడత విప్పి, నా ముందు పెట్టారు. ఒక్క మాట కూడా అనలేదు. నాకు పదమూడేళ్లు. ఆ రోజు నుంచి నేను ఈ ఆట వదల్లేదు.

టీవీలో అయితే నేను చూడని పెద్ద టోర్నమెంట్ తక్కువ. అమెరికాలోని అగస్టాలో జరిగే మాస్టర్స్ టోర్నమెంట్‌లో ఆదివారం ఆఖరి రౌండ్ అంటే మనకి అర్ధరాత్రి దాటాక, సోమవారం తెల్లవారుజామున ముగుస్తుంది. 2025 ఏప్రిల్‌లో రోరీ మెకిల్‌రాయ్ పద్దెనిమిదో హోల్ దగ్గర చిన్న పుట్ (గుంటలోకి బంతిని దొర్లించే షాట్) తప్పి, మళ్లీ ప్లేఆఫ్‌లో జస్టిన్ రోజ్‌ని ఓడించేదాకా కూర్చుని, అలాగే స్నానం చేసి కొట్టుకి వెళ్లాను. 2021 ఆగస్టు 7న టోక్యో ఒలింపిక్స్‌లో అదితి అశోక్ ఆడుతున్నప్పుడు మా వీధిలో సగం మంది మా ఇంట్లోనే ఉన్నారు. వాళ్లమ్మే క్యాడీగా బ్యాగు మోస్తోంది అని చెబితే మా అత్తయ్య కళ్లార్పకుండా చూసింది. ఒకే ఒక్క షాట్ తేడాతో ఆ అమ్మాయి నాలుగో స్థానంలో మిగిలింది. ఆ రోజు పార్ అంటే ఒక హోల్‌కి ఇన్ని షాట్లని పెట్టిన లెక్క అని, బర్డీ అంటే దానికి ఒకటి తక్కువ అని మా వీధికి నేర్పింది నేనే. ఇది గొప్పకే చెప్పుకుంటున్నాను.

ఆడటం మాత్రం ఆలస్యంగా మొదలైంది. బంతి కొట్టే కర్రలు, అవే క్లబ్బులంటారు, పాతవి తొమ్మిది కొన్నాను, పద్నాలుగు దాకా పెట్టుకోవచ్చు కానీ నాకు అవి చాలు. కోతలు అయ్యాక మా బావ వాళ్ల పొలంలో కొయ్యకాళ్ల మధ్య ప్రాక్టీసు. ఎండాకాలం నాగావళి ఇసుకలో ప్రాక్టీసు. బంకర్‌లోంచి, అంటే కోర్సులోని ఇసుక గుంటలోంచి, బంతి తీయడంలో నాతో పోటీకి రమ్మని ఎవరినైనా పిలుస్తాను, ఆ ధైర్యం నాగావళి ఇచ్చిందే.

సరే, హ్యాండీక్యాప్ సంగతి. క్లబ్బు టోర్నమెంట్లలో పేరు ఇవ్వాలంటే అది అడుగుతారు. ఇండియన్ గోల్ఫ్ యూనియన్ గుర్తింపు ఉన్న క్లబ్బు ద్వారా తీసుకోవాలి. 2020 నుంచి ప్రపంచమంతా దాదాపు ఒకే పద్ధతి: 54 హోల్స్ ఆడిన కార్డులు ఇస్తే, అంటే మూడు పూర్తి రౌండ్లు, మొదటి ఇండెక్స్ ఇస్తారు. నాకు భువనేశ్వర్ చాలా దూరం, కాబట్టి పక్క రాష్ట్రంలో ఒక క్లబ్బు చూసుకున్నాను. పేరు రాయను. రైలు, బస్సు కలిపి వెళ్లడానికే ఒక పూట పడుతుంది.

ఫారం నింపడం, ఫొటోలు, ఫీజు, అన్నీ ఒక్క రోజులో అయిపోయాయి. ఆధార్ మీద ఒడిశా అడ్రస్ చూసి కౌంటర్‌లో ఆయన "మీ రాష్ట్రంలో చూసుకోవచ్చుగా" అన్నాడు, నేను పట్టించుకోలేదు. ఇక్కడ మమ్మల్ని తెలుగువాళ్లంటారు, సరిహద్దు దాటితే ఒడిశావాళ్లంటారు, ఇది మాకు పుట్టినప్పటి నుంచి అలవాటే.

మొదటి వారం శని, ఆది రెండు రౌండ్లు ఆడాను. శనివారం మొత్తం 104 షాట్లు. అందులో ఒక పార్ 4లో పదకొండు కొట్టాను, కానీ మొదటిసారి హ్యాండీక్యాప్‌కి ఒక హోల్‌లో పార్ మీద అయిదుకి మించి లెక్కలోకి తీసుకోరు, కాబట్టి అది తొమ్మిదే, మొత్తం 102 అయింది. ఆదివారం ముందు తొమ్మిది హోల్స్‌లో 51, వెనక తొమ్మిదిలో 52. నాతో ఆడిన డాక్టరుగారే మార్కర్, అంటే నా కార్డులో అంకెలు రాసేవారు. ఆయనకి ఆస్పత్రి నుంచి ఫోన్ వస్తే హడావుడిగా సంతకం చేసి, మొత్తం దగ్గర 102 అని రాసి వెళ్లిపోయారు. నాకు బస్సు టైమయింది. హోల్ హోల్‌కీ ఎన్నెన్ని కొట్టానో సరిచూసుకుని నేనూ సంతకం పెట్టి పెట్టెలో వేశాను. కింద మొత్తం చూడలేదు.

మూడు వారాల తర్వాత మూడో రౌండ్‌కి వెళ్లాను. 99! వందలోపు నా జీవితంలో అదే మొదటిసారి. క్యాడీ కుర్రాడు శ్రీకాకుళం వైపువాడు, ఆఖరి పుట్ పడగానే నాకంటే ముందు వాడు గెంతాడు. ఇద్దరం కలిసి కౌంటర్ దగ్గరికి వెళ్లాం. అక్కడ నేను బతికున్నంత కాలం మర్చిపోలేని అరగంట గడిచింది.

కౌంటర్ ఆయన పాత కార్డులు బయటికి తీసి, కాలిక్యులేటర్ నొక్కి, "కూడితే 103 వస్తోంది, 102 రాశావు. ఒకటి మింగేశావే" అన్నాడు. పక్కన పది మంది సభ్యులు టీ తాగుతున్నారు. డాక్టరుగారు తొందరలో రాసిన మొత్తం అండీ అని చెప్పబోతే, "మేం రోజూ చూస్తూనే ఉంటాం ఇలాంటివి. క్యాడీతో కుమ్మక్కయి కార్డులు తయారు చేసుకుంటారు. ఇవి మూడూ చెల్లవు, మళ్లీ మొదటి నుంచి ఆడు" అని మూడు కార్డులకీ అడ్డంగా గీత కొట్టాడు. ఆ 99కి కూడా. "ఏటి సార్ ఇది, నేనేటి చేశాను" అని కుర్రాడు అడిగితే వాణ్ణి బయటికి పొమ్మన్నాడు. వాడు తల వంచుకుని నా బ్యాగు మెట్ల మీద నెమ్మదిగా దించి వెళ్లిపోయాడు.

పద్దులే నా బతుకు. ఇరవై రెండేళ్లలో మా సేఠ్ నా లెక్క రెండోసారి కూడించుకోలేదు. అలాంటి నన్ను పది మంది ముందు దొంగ లెక్క రాశానన్నారు. దానికన్నా ఆ పిల్లాడిని అన్న మాట నన్ను ఎక్కువ కాల్చింది. వాడి చోట నాకు మా నాన్న కనిపించారు. మన దేశంలో ఈ ఆటకి పేరు తెచ్చినవాళ్లు ఎక్కడి నుంచి వచ్చారో క్లబ్బుల్లో కూర్చునేవాళ్లు ఒకసారి ఆలోచించాలి. ఎస్‌ఎస్‌పీ చౌరాసియా నాన్న రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్బులో గ్రీన్‌కీపర్. ఆ పిల్లాడు అక్కడే పెరిగి, 2008లో ఢిల్లీలో ఇండియన్ మాస్టర్స్ గెలిచాడు, తర్వాత 2016లో, 2017లో వరసగా ఇండియన్ ఓపెన్ గెలిచాడు. గడ్డి కోసేవాళ్ల పిల్లలు, బ్యాగు మోసేవాళ్లు ఈ ఆటకి పరాయివాళ్లు కాదు, ఈ ఆట ముందు వాళ్లది.

తిరుగు బస్సులో కిటికీ వైపు మొహం పెట్టుకుని కూర్చున్నాను. ఇంటికొచ్చాక మా ఆవిడ అన్నం పెడితే తినలేకపోయాను. రాత్రి ఫోన్‌లో గోల్ఫ్ నియమాలు రాసే ఆర్ అండ్ ఏ సంస్థ వాళ్ల రూల్స్ తెరిచాను. ఉచితంగానే దొరుకుతాయి, ప్రతి ఆటగాడూ పెట్టుకోవాలి. రూల్ 3.3బి. ఆటగాడు బాధ్యత వహించాల్సింది ప్రతి హోల్‌కీ రాసిన అంకెకి. మొత్తం కూడటం అతని పని కాదు, కమిటీ పని. చిన్నప్పటి నుంచి రాబర్టో డి విసెంజో కథ తెలిసినవాణ్ణి, ఇది ఆ నిమిషంలో నాకెందుకు తట్టలేదో! 1968 మాస్టర్స్‌లో ఆయన పదిహేడో హోల్‌లో మూడు కొడితే మార్కర్ టామీ ఆరన్ నాలుగు అని రాశాడు. విసెంజో చూసుకోకుండా సంతకం పెట్టేశాడు. హోల్ అంకె ఎక్కువ రాసి సంతకం పెడితే అదే నిలుస్తుంది, కాబట్టి ఒక్క షాట్ తేడాతో టైటిల్ బాబ్ గోల్బీ చేతికి వెళ్లిపోయింది. అక్కడ తప్పు హోల్ అంకెలో జరిగింది. నా కార్డులో పద్దెనిమిది హోల్స్ అంకెలూ సరిగ్గా ఉన్నాయి, ఎవరు కూడినా 103 వస్తుంది. తప్పు మొత్తంలో ఉంది, ఆ మొత్తం నేను రాయనక్కర్లేనిది.

ఇదంతా రాసి క్లబ్బు కమిటీకి మెయిల్ పెట్టాను. జవాబు లేదు. వారం తర్వాత మళ్లీ పెట్టాను. ఫోన్ చేస్తే కౌంటర్ ఆయనే ఎత్తి, నా పేరు వినగానే పెట్టేశాడు. డాక్టరుగారిని పట్టుకోవడానికి మూడు వారాలు పట్టింది. ఆయన పాపం చాలా బాధపడి, మొత్తం రాసింది తానేనని ఒక కాగితం మీద రాసి పంపారు. అప్పటికీ కదలిక లేదు. రిజిస్టర్ పోస్టులో మెయిళ్ల కాపీలు, రూల్ కాపీ, డాక్టరుగారి కాగితం కలిపి పంపాను. మెయిల్‌ని ఎవరూ చదవకపోవచ్చు, రిజిస్టర్ పోస్టుకి ఎవరో ఒకరు సంతకం పెట్టాలి. అది గుర్తుపెట్టుకోండి.

పోయిన ఆదివారం పిలిచారు. హ్యాండీక్యాప్ కమిటీలో ఒక పెద్దావిడ ఉన్నారు, డెబ్బై ఏళ్లుంటాయి. కళ్లద్దాలు పెట్టుకుని, పెన్సిల్‌తో ఒక్కో హోల్ కూడి, "103. ఇందులో కొట్టేయడానికి ఏముందయ్యా?" అని కౌంటర్ ఆయన్ని అడిగారు. ఆయన నోరు విప్పలేదు. ఆవిడ మూడు కార్డుల మీదా గీత పక్కన చెల్లుతుంది అని రాసి సంతకం పెట్టారు. నేను వెంటనే, "అమ్మా, ఆ క్యాడీ అబ్బాయికి కూడా ఎవరైనా ఒక మాట చెప్పాలి" అన్నాను. ఆవిడ లేచి వరండాలోకి వెళ్లి వాణ్ణి పిలిపించి, తప్పు మాదే బాబూ అని అన్నారు. కౌంటర్ ఆయన మాత్రం ఇప్పటికీ నాతో ఏమీ అనలేదు.

లెక్క తెలుసుకోవాలనుకునేవాళ్లకి: మూడు కార్డులే ఉన్నప్పుడు అన్నిటికన్నా మంచిదాన్ని తీసుకుంటారు. అక్కడ కోర్సు రేటింగ్ (సున్నా హ్యాండీక్యాప్ ఆటగాడికి పట్టే షాట్లు) 70.4, స్లోప్ (మామూలు ఆటగాడికి ఆ కోర్సు ఎంత కష్టమో చెప్పే అంకె) 121. 99లోంచి 70.4 తీసేసి, ప్రామాణిక స్లోప్ అయిన 113తో గుణించి 121తో భాగిస్తే 26.7. మూడు కార్డులకి ఇంకో 2 తగ్గిస్తారు. అలా 24.7. ఇరవై కార్డులు అయ్యాక మంచివి ఎనిమిది తీసుకుని సగటు కడతారు.

నాలా దూరం నుంచి వెళ్లేవాళ్లు కార్డు పెట్టెలో వేసే ముందు రెండు వైపులా ఫోన్‌లో ఫొటో తీసుకోండి. మార్కర్ ఎంత పెద్దమనిషైనా సరే ఆయన్ని నిలబెట్టి ఒక్కో హోల్ పైకి చదివించుకోండి, మొహమాటపడకండి. కాలర్ ఉన్న చొక్కా వేసుకోండి, జీన్స్ వద్దు. కౌంటర్ దగ్గర ఎవరైనా గొంతు పెంచితే మీరు పెంచకండి, ఏ రూల్ ప్రకారం అని మాత్రం అడగండి. నేను ఆ రోజు అడగలేదు, అదే నన్ను ఇప్పటికీ పీకుతోంది.

మెయిల్ రాగానే మా నాన్న ఫొటో ముందు నంబరు చదివాను. తర్వాత క్యాడీ కుర్రాడికి ఫోన్ చేశాను. "ఇరవై నాలుగు పాయింట్ ఏడా సార్! సంక్రాంతి లోపు ఇరవైకి దింపాలి. మీ సెకండ్ షాట్ కుడివైపు పోతోంది, అది సరిచేద్దాం" అన్నాడు. వచ్చే శనివారానికి టికెట్ తీసుకున్నాను.