మా 800కి యాక్సిల్ బూటు నేనే మార్చాను: నా అనుభవం

పని నిన్న సాయంత్రానికి అయింది. గోళ్ళ సందుల్లో నల్ల గ్రీజు ఇంకా పోలేదు, ఆ స్పేర్ పార్టుల కొట్టాయన మీద కోపం అసలే పోలేదు. చల్లారకముందే రాసేస్తున్నాను.

మాది విజయనగరం. బండి మారుతి 800, 2008 మోడల్. గజపతినగరం అవతల ఒక ఊళ్ళో టీచరుగా చేస్తున్నాను. తారు రోడ్డు దిగిన దగ్గర్నుంచి బడి దాకా రాళ్ళు, గుంతలు, వానొస్తే బురద. ఇంకా ఈ డొక్కు బండేమిటి, కొత్తది కొనుక్కోమని చెప్పేవాళ్ళకి కొదవలేదు. ఈఎంఐ వాళ్ళు కడతారా? పదిహేనేళ్ళు దాటిన కార్లకి రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్లో 600 నుంచి ఏకంగా 5,000 చేశారు. అదీ కట్టి ఉంచుకున్న బండి ఇది. అంత తేలిగ్గా వదలను.

టైర్లకి గాలి పెట్టించుకుంటుంటే ఆ కుర్రాడు చూపించాడు, కుడి ముందు చక్రం రిమ్ము లోపలి వైపంతా నల్ల గ్రీజు చిమ్మి ఉంది. వంగి చూస్తే యాక్సిల్ బూటు ఒక మడత దగ్గర చిట్లింది.

తెలియనివాళ్ళకి రెండు ముక్కలు చెప్తాను. ఈ బండిలో ఇంజిను తిప్పేది ముందు చక్రాల్నే. ఆ చక్రాలే స్టీరింగుతో అటూ ఇటూ తిరగాలి, గుంతలో పడి లేవాలి. ఇన్ని వంకర్లలోనూ తిప్పుడు ఒకే వేగంతో అందాలి కాబట్టి దాన్ని చక్రానికి చేర్చే కడ్డీకి, అంటే డ్రైవ్ షాఫ్టుకి (యాక్సిల్ అనేదీ దీన్నే), రెండు చివర్లా జాయింట్లు ఉంటాయి. చక్రం వైపు ఆరు ఉక్కు గుళ్ళ జాయింటు, గేర్‌బాక్సు వైపు మూడు రోలర్ల జాయింటు. వాటిలో గ్రీజు నిలవడానికి హార్మోనియం తిత్తిలా మడతలున్న రబ్బరు బూటు తొడుగుతారు. బూటు చిరిగితే గ్రీజు బయటకి, ఇసుక లోపలికి. కొన్నాళ్ళకి మలుపులో కటకటమని మోత మొదలవుతుంది. బండిని ఎడమకి పూర్తిగా కోసి తిప్పినప్పుడు మోత వస్తే సాధారణంగా కుడి చక్రం జాయింటుని అనుమానించాలి, కుడికి తిప్పితే ఎడమదాన్ని. మోత వచ్చాక ఒక్క బూటు మార్చి లాభం లేదు, జాయింటే పోయినట్టు. నాకు మోత ఇంకా రాలేదు. అంటే బూటు, గ్రీజు, క్లాంపులతో పోయే పని.

ఒక మెకానిక్‌కి చూపించాను. నడుం వంచకుండానే "షాఫ్టు మొత్తం మార్చాలి మేడమ్" అన్నాడు. మోత లేదు కదా అంటే "వస్తాది" అన్నాడు. వందల్లో తేలేదాన్ని వేలల్లోకి లాగడానికి ఆ ఒక్క మాట చాలు వాళ్ళకి.

మా నాన్న ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. మోకాళ్ళ నొప్పులతో కింద కూర్చోలేరు, పానాలు మాత్రం ఒక్కటీ పోకుండా దాచారు. "మా బస్సులకి ప్రొపెల్లర్ షాఫ్టమ్మా, క్రాసులు మార్చేవోళ్ళం. ఈ గుళ్ళ జాయింట్లు నాకు తెల్దు" అని ముందే చెప్పేశారు. ప్రొపెల్లర్ షాఫ్టంటే వెనక చక్రాలకి పోయే పొడవాటి కడ్డీ, క్రాసులంటే దాని జాయింట్లలో ఉండే ప్లస్ ఆకారపు ముక్కలు. తెలియదని చెప్పగల మెకానిక్ ఆయనొక్కరే అనుకుంటా ఈ జిల్లాలో. సర్వీస్ మాన్యువల్ సంపాదించి, ఆయన్ని వాకిట్లో కుర్చీలో కూర్చోబెట్టి, మొదలెట్టాను.

విప్పడం నేననుకున్నంత కష్టం కాలేదు. చక్రం నేల మీద ఉండగానే హబ్ నట్టు వదులు చేయాలి. మా అమ్మాయి బ్రేకు తొక్కి పట్టుకుంటే, స్ప్లిట్ పిన్ను లాగేసి, టామీ బారుకి బోరింగు పైపు ముక్క తొడిగి దాని మీద నిలబడ్డాను. ఠప్పున వదిలింది. వెనక చక్రాలకి రాళ్ళు పెట్టి, జాకీ ఎత్తి, కింద స్టాండు పెట్టి, దానికి తోడు స్టెప్నీ కూడా తోశాను. వట్టి జాకీని నమ్మి బండి కింద దూరేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. కింద ఆర్ము బాల్ జాయింటు బోల్టు తీసి, హబ్బుని బయటకి లాగితే షాఫ్టు ఆ కొస వచ్చేసింది. గేర్‌బాక్సు వైపు కొస ఒక సర్‌క్లిప్పు (గాడిలో కూర్చునే స్ప్రింగు రింగు) మీద నిలబడి ఉంటుంది, లివరుతో ఒక్క ఊపు ఊపితే ఊడొస్తుంది. కింద బేసిన్ పెట్టుకోండి, గేర్ ఆయిల్ కారుతుంది. ఆయిల్ సీలు పెదవికి లివరు తగలనివ్వద్దు.

బయటి జాయింటుని సుత్తితో కొట్టి ఊడదీయడం వీడియోల్లో చూపిస్తారు. మా బండి మాన్యువల్లో దాన్ని విడదీయొద్దనే ఉంది. కాబట్టి చిరిగింది బయటి బూటే అయినా దారి లోపలి వైపు నుంచే. లోపలి క్లాంపు కోసి, రోలర్ల జాయింటుకీ షాఫ్టుకీ ఎదురెదురుగా మా అమ్మాయి నెయిల్ పాలిష్‌తో గుర్తు పెట్టి, సర్‌క్లిప్పు తీసి, రోలర్లు లాగి, ముందు లోపలి బూటు, దాని వెనక బయటి బూటు జార్చేశాను. పాత గ్రీజు రెండు వేళ్ళ మధ్య నలిపి చూశాను. గరుకు తగల్లేదు. జాయింటు బతికే ఉంది.

ఇక్కడిదాకా హాయిగా సాగింది. తర్వాత బూటు కొనడానికి వెళ్ళాను.

ఊళ్ళో పెద్ద కొట్టు. కౌంటరు ముందు బెంచీ మీద ఎప్పుడూ నలుగురైదుగురు మెకానిక్‌లు టీ తాగుతూ ఉంటారు. నేను నిలబడ్డాక, నా వెనక వచ్చినవాళ్ళకి కూడా సామాను ఇచ్చి పంపాక, కొట్టాయన తలెత్తి "ఏటమ్మా?" అన్నాడు. 800కి కుడి యాక్సిల్ బయటి బూటు, లోపలి బూటు, క్లాంపులు, గ్రీజు అన్నాను. "ఎవరు మెకానిక్?" అన్నాడు. నేనే చేసుకుంటున్నానన్నాను. బెంచీ మీద ఎవరో కిసుక్కుమన్నారు. "మీ ఆయన్ని పంపండమ్మా, ఆయనకి చెప్తాం." మా ఆయన బ్యాంకులో పని చేస్తారు, ఆయనకి స్టెప్నీ ఎక్కడుంటుందో కూడా తెలీదు. ఆ మాట అక్కడ అనలేదు, ఇంటి గుట్టు.

పాత బూటు సంచిలోంచి తీసి, పక్కన పెట్టి చూడండి అన్నాను. ముట్టుకోలేదు. కుర్రాడు లోపల్నుంచి రెండు పాకెట్లు తెచ్చి పడేశాడు. పాకెట్ మీద ధర లేదు, ఏ బండిదో లేదు. అడిగితే "అన్నీ ఒకటేనమ్మా. 800కీ ఓమ్నీకీ ఇదే పడతాది" అన్నాడు.

ఇక్కడ ఆగండి. మారుతి వాళ్ళ వ్యాను ఓమ్నీలో ఇంజిను తిప్పేది వెనక చక్రాల్ని. దాని ఇంజిను ముందు సీట్ల కింద ఉంటుంది, వెనక్కి ప్రొపెల్లర్ షాఫ్టు పోతుంది. దాని ముందు చక్రాలకి డ్రైవ్ షాఫ్టే లేదు, ఇంక బూటెక్కడిది? ఇంజిను 796 సీసీయే కాబట్టి రెండూ ఒకటే అనుకున్నాడు మహానుభావుడు. నేను అదే మాట పైకి అన్నాను. అరనిమిషం బెంచీ మీద ఎవరూ మాట్లాడలేదు. అతని మొహం ఎర్రబడి "మేడమ్, ఇది కుట్టు మిషన్ కాదు. తీసుకుంటే తీసుకోండి, లేకపోతే లేదు" అన్నాడు. ఈసారి అందరూ నవ్వారు.

బడిలో పాతికేళ్ళుగా పిల్లలకి పాఠం చెప్తున్నాను. అంతమంది మగాళ్ళ మధ్య నోట మాట రాకుండా నిలబడింది అదే మొదలు. బండి స్టాండు మీద ఉంది, సోమవారం బడి ఉంది. డబ్బులిచ్చి తీసుకున్నాను. బిల్లు అడిగితే తెల్ల కాగితం మీద "రబ్బరు ఐటెం" అని రాసిచ్చాడు. కుట్టు మిషన్ అన్నాడు కదా, దాని బాబిన్ కేసు విప్పి సర్దడం అతనికొచ్చేమో కనుక్కోవాల్సింది. ఇలాంటి జవాబులన్నీ ఇంటికొచ్చాకే తోస్తాయి.

ఇంటికొచ్చి కొలిచాను. మా అమ్మాయి ఇంటర్ ప్రాక్టికల్స్‌కి కొన్న వెర్నియర్ ఉంది. బూటు చిన్న మూతి షాఫ్టు కన్నా వదులు, క్లాంపు ఎంత బిగించినా రబ్బరు ముడతపడి సందు మిగిలిపోతుంది. గ్రీజు అంటకుండా మళ్ళీ పాకెట్‌లో పెట్టి పట్టుకెళ్ళాను. "రబ్బరు సామాను వాపసు లేదు" అని గోడ మీది బోర్డు చూపించాడు. "మెకానిక్‌ని తీసుకురండి, అతను చెప్తే మారుస్తాం."

దీని వెనక మర్మం నాన్న చెప్పారు. మెకానిక్ గిరాకీ తెస్తాడు, కొట్టువాడు అతనికి తగ్గించి ఇస్తాడు, ఆ తేడా మన బిల్లులో కలుస్తుంది. తన బండి తనే బాగుచేసుకునేవాళ్ళు పెరిగితే ఇద్దరికీ నష్టమే. పైగా 800 తయారీ 2014లోనే ఆగిపోయింది, కౌంటర్లో కూర్చునే కుర్రాళ్ళకి దాని సంగతులు తెలిసే రోజులు పోయాయి. తెలియకపోవడం తప్పు కాదు. తెలియనిది ఆడమనిషి చెప్తే నవ్వడం తప్పు.

చట్టం సంగతి కూడా చూశాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం అన్యాయపు వ్యాపార పద్ధతి. లోపమున్న సరుకుని బిల్లులో రాసిన గడువులోగా, ఏ గడువూ రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోకపోవడం కూడా అంతే. అతను "లోపమేముంది, కొత్తదే కదా" అని వాదిస్తాడని తెలుసు, అందుకే బిల్లు విషయం పట్టుకున్నాను. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. డబ్బులొస్తాయని కాదు. ఆ బెంచీ మీద కూర్చున్నవాళ్ళకి తెలియాలని.

బూటు చివరికి శ్రీకాకుళంలో దొరికింది. మా అక్క వాళ్ళది బలగ. ఏడు రోడ్ల జంక్షన్ నుంచి లోపలికి ఒక ఇరుకు కొట్టుందని, ముసలాయన పాత బళ్ళ సామాను ఉంచుతాడని తనే చెప్పింది. బస్సెక్కి వెళ్ళాను. ఆయన నా పాత బూటుని తిరగేసి, కళ్ళజోడు నుదుటి మీదకి తోసి, రబ్బరులో అచ్చయిన నంబరు బొటనవేలితో తుడిచి చదివాడు. "షాఫ్టు మందం కొలుచుకొచ్చావా తల్లీ?" అన్నాడు. చీటీ ఇచ్చాను. చూసి తలూపి పై అరలోంచి రెండు డబ్బాలు దించాడు. ధర అచ్చయి ఉంది, అంతే తీసుకున్నాడు, బిల్లిచ్చాడు. మెకానిక్ ఎవరని అడగలేదు.

మీరు చేసుకునేటట్టయితే పాత బూటు తీసుకెళ్ళండి, షాఫ్టు మందం రాసుకెళ్ళండి. కొట్టాయన పక్కన పెట్టి చూడనంటే అక్కడినుంచి వచ్చేయండి. కుడి షాఫ్టూ ఎడమ షాఫ్టూ ఒకే పొడవు ఉండవు, ఏ వైపుదో ముందే చెప్పండి.

బిగించడం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. షాఫ్టు పళ్ళ మీద టేపు చుట్టి బూటు ఎక్కిస్తే కొత్త రబ్బరు కోసుకోదు. కిట్టుతో వచ్చే నల్ల మాలిబ్డినం గ్రీజు పాకెట్ మొత్తం జాయింటులోకే కూరాలి. ఇంట్లో ఉంది కదా అని మామూలు పసుపు గ్రీజు పెట్టద్దు. చిన్న క్లాంపు బిగించే ముందు బూటు పెదవి కిందకి స్క్రూడ్రైవరు దూర్చి గాలి వదలాలి, లేకపోతే బూటు ఉబ్బో నొక్కుకుపోయో తొందరగా చిరుగుతుంది. షాఫ్టుని గేర్‌బాక్సులోకి తోసినప్పుడు టక్ మనాలి, తర్వాత లాగితే రాకూడదు. ఈ టక్ కోసం కాసేపు చెమటలు పట్టాయి. "అలగ కాదమ్మా, తిప్పుతూ తొయ్యి" అన్నారు నాన్న కుర్చీలోంచి. తిప్పుతూ తోస్తే కూర్చుంది. హబ్ నట్టుకి నాన్న తన పాత డిపో స్నేహితుడి దగ్గర్నుంచి టార్క్ రెంచి (నట్టుని కొలత ప్రకారం బిగించే పాన) తెప్పించారు, స్ప్లిట్ పిన్ను కొత్తది వేశాం, గేర్ ఆయిల్ నిండేదాకా పోశాం.

రింగ్ రోడ్డు పక్క ఖాళీ స్థలంలో స్టీరింగు చివరిదాకా కోసి, ముందు ఎడమకి, తర్వాత కుడికి గుండ్రంగా తిప్పాను. అద్దాలు దించి విన్నాను. టైర్ల కింద కంకర చప్పుడు తప్ప ఏమీ లేదు. పక్క సీట్లో నాన్న ఏమీ అనలేదు, జేబులోంచి పొడుం డబ్బా తీశారు. బాగుందని అర్థం.

ఎడమ వైపు బూటు మీద కూడా సన్నగా పగుళ్ళు మొదలయ్యాయి. శ్రీకాకుళం ముసలాయనకి ఫోన్ చేసి ఆ కిట్టు పక్కన పెట్టమన్నాను. మా ఊరి పైడితల్లి అమ్మవారి సిరిమాను సంబరానికి చుట్టాలు దిగేలోపు దసరా సెలవుల్లో అది కూడా విప్పేస్తాను.