దబ్బకాయ తొక్క, టానిక్ మూత, ఒక మార్టినీ

ఈసారి సెలవుకి వచ్చినప్పుడు బ్యాగులో రెండు సీసాలు తెచ్చాను. ఒకటి జిన్, విస్కీలాగే ఘాటైన మందు, కానీ నీళ్ళలా రంగు ఉండదు. ఇంకొకటి డ్రై వర్మూత్, అందులో కలిపే తీపి తక్కువ వైన్. హైదరాబాద్‌లో విమానం దిగాక డ్యూటీ ఫ్రీలో కొన్నవి. మనిషికి రెండు లీటర్ల దాకా తెచ్చుకోవచ్చు. సోంపేట స్టేషన్‌కి బండి తెచ్చిన మా బావ ఇంటికొచ్చాక సీసాలు చూసి, "విస్కీ తేలేదేటిరా?" అన్నాడు. "రేపు సాయంత్రం ఒకటి చేసి ఇస్తాను బావా, నేను అక్కడ చేసే పని ఏమిటో నీకు చూపించాలి" అన్నాను.

శ్రీకాకుళం జిల్లాలోని మా ఉద్దానంలో ఇంటికొకరు బయట ఉంటారు. బావ కూడా పదేళ్ళు గల్ఫ్‌లో వెల్డింగ్ చేసి వచ్చినవాడే. అతని పని ఏమిటో అందరికీ తెలుసు. నాది మాత్రం "దుబాయ్‌లో పెద్ద హోటల్లో పని" అనే మాట దగ్గరే ఆగిపోయింది. అమ్మ ఫోన్లో "వంటా, వడ్డనా?" అని అడిగితే "వడ్డన" అన్నాను. సారా వల్ల నాన్న ఆరోగ్యం పోయిన ఇల్లు మాది. బార్‌లో చేస్తున్నాను అని ఆవిడతో చెప్పడానికి నోరు రాలేదు.

వెళ్ళేటప్పుడు ఏజెంటు చెప్పింది వెయిటర్ ఉద్యోగం. అక్కడికి వెళ్ళాక ఇచ్చింది గ్లాసులు కడిగే పని. 14 నెలలు అదే చేశాను. మార్టినీ అంటే జిన్, వర్మూత్ కలిపి ఐసుతో చల్లబరిచి ఇచ్చే మందు. దాని గ్లాసు కడగడం కష్టం. సబ్బు వాసన కొంచెం మిగిలినా తాగేవాడికి తెలిసిపోతుంది, ఎందుకంటే అందులో పంచదార, పళ్ళరసం లాంటివి ఏవీ ఉండవు. గ్లాసుల మీద నా శ్రద్ధ చూసి మా సీనియర్ ఒకాయన నన్ను కౌంటర్ లోపలికి పిలిచాడు. త్రిశ్శూర్ మనిషి. అందరం చేట్టా అనేవాళ్ళం, మలయాళంలో అన్నా అని.

ఆయన చెప్పిన మొదటి పాఠం ఇప్పటికీ మర్చిపోలేను. 60 మిల్లీలీటర్ల జిన్, 10 మిల్లీలీటర్ల వర్మూత్ కొలిచి, ఐసు మీద పోసి అర నిమిషం తిప్పమన్నాడు. తర్వాత వడకట్టి మళ్ళీ కొలవమన్నాడు. 90 దాకా వచ్చింది. "ఆ ఇరవై ఎక్కడి నుంచి వచ్చింది?" అని అడిగాడు. నీళ్ళు. కరిగిన ఐసు. మార్టినీలో మూడో సరుకు నీళ్ళే, దాన్ని సీసాలోంచి కాదు, చేత్తో కొలవాలి అన్నాడు. తక్కువ తిప్పితే గొంతు మండుతుంది, ఎక్కువ తిప్పితే చప్పబడుతుంది.

తిప్పుతుంటే చెంబు బయట మంచు పడుతుంది. లోపల సున్నా కంటే కిందికి దిగుతుంది. మన కుల్ఫీ బండివాడు ఐసులో ఉప్పు ఎందుకు వేస్తాడో ఇదీ అందుకే. ఉప్పు చేసే పని ఇక్కడ ఆల్కహాల్ చేస్తుంది. ఐసు సున్నా కన్నా తక్కువ దగ్గరే కరగడం మొదలుపెట్టి, కరుగుతూ చుట్టూ ఉన్న వేడినంతా లాగేసుకుంటుంది.

మర్నాడు ఇంట్లో సామాను వెతుక్కున్నాను. కొలతకి దగ్గు టానిక్ మూత. దాని మీద 10 మిల్లీలీటర్ల గీత ఉంటుంది. ఆరు మూతల జిన్‌కి ఒక మూత వర్మూత్. అంతర్జాతీయ బార్టెండర్ల సంఘం రాసుకున్న కొలత కూడా ఇదే. తిప్పడానికి స్టీలు చెంబు, పొడుగు చెంచా, వడకట్టడానికి టీ జాలి. గ్లాసు బదులు, పెళ్ళిలో ఎవరో ఇచ్చిన కాడ ఉన్న ఐస్‌క్రీం గాజు కప్పు. కాడ ముఖ్యం, లేకపోతే చేతి వేడికి రెండు నిమిషాల్లో చల్లదనం పోతుంది. కప్పునీ జిన్ సీసానీ పొద్దున్నే ఫ్రీజర్‌లో పెట్టేశాను. జిన్ గడ్డకట్టదు, కొంచెం చిక్కబడుతుంది.

ఐసు దగ్గరే టెన్షన్ పడ్డాను. ఫ్రీజర్‌లో చేపలు ఉన్నాయి, ట్రేలోని ఐసుకి ఆ వాసన పట్టేసింది. బజారులో గడ్డ దొరుకుతుంది గానీ చేపల పెట్టెల్లో వేసే ఐసు తాగే నీళ్ళతో చేసింది కాదు, దాన్ని ఎప్పుడూ వాడకండి. కాచి చల్లార్చిన నీళ్ళు స్టీలు డబ్బాలో పోసి, మూత పెట్టి ముందు రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచాను. గడ్డని పచ్చడి బండతో కొట్టి నిమ్మకాయంత ముక్కలు చేశాను. పిండి ఐసు అయితే నీళ్ళు పట్టు తప్పిపోతాయి.

వర్మూత్ గురించి రెండు మాటలు చెప్పాలి, ఎక్కువమంది పాడు చేసేది ఇక్కడే. అది మూలికలు నానబెట్టిన వైన్. కాస్త ఆల్కహాల్ కలుపుతారు గానీ, వైన్‌లాగే గాలి తగిలితే చెడుతుంది. మూత తీశాక ఫ్రిజ్‌లో పెట్టి నెలలోగా వాడేయాలి. దాని పేరు ఒక చేదు మొక్కకి జర్మన్‌లో ఉన్న పేరు నుంచి వచ్చింది. ఆ మొక్క మన మాచిపత్రి జాతిదే. వినాయక చవితికి మొట్టమొదట పూజ చేసే ఆకు! ఇది తెలిసిన రోజు నాకు ఆ సీసా పరాయిదిగా అనిపించలేదు. కొందరు కస్టమర్లు వర్మూత్ వద్దంటారు, సీసా చూపిస్తే చాలంటారు. వాళ్ళు అడిగింది ఇవ్వడం నా పని. కానీ అది చల్లటి జిన్ మాత్రమే, మార్టినీ కాదు. షేక్ చేయమనేవాళ్ళూ ఉంటారు. షేక్ చేస్తే గాలి బుడగలు, ఐసు నలుసులు చేరి మబ్బుగా అవుతుంది. తిప్పితే అద్దంలా ఉంటుంది.

పైన వేయడానికి ఆలివ్ లేదు. అక్కడి పసుపు నిమ్మకాయ తొక్క మందంగా, నూనెతో ఉంటుంది. మన నిమ్మ తొక్క పల్చన, చేదు. పెరట్లో దబ్బకాయ కనిపించింది. తెల్లటి భాగం రాకుండా వేలెడు తొక్క చెక్కి, కప్పు మీద ఒక్కసారి మెలిపెట్టాను. నూనె సన్నగా చిమ్మి పైన తేలింది. హోటల్లో ఎన్ని వేలు చేసి ఉంటానో, ఆ వాసన మాత్రం ఏ రోజూ రాలేదు.

బావ ఒక్క గుటకలో తాగేయబోయాడు. "బావా, రెండు చిన్న పెగ్గులు ఉన్నాయి అందులో, మెల్లగా" అన్నాను. పలాస జీడిపప్పు పక్కన పెట్టాను. ఒక గుక్క తాగి చాలాసేపు మాట్లాడలేదు. "నీళ్ళలాగుంది చూడ్డానికి. ఇందాకటి నుంచీ ఇన్ని చేసింది దీని కోసమేటి?" అన్నాడు. అవునన్నాను. "వెల్డింగ్ కూడా అంతేరా. అతుకు కనబడకూడదు."

అమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోందని అప్పుడు గమనించాను. వచ్చి, చెక్కిన దబ్బ తొక్క ముక్క తీసుకుని వాసన చూసింది.

"ఇదా నీ వడ్డన?"

"అవునమ్మా."

"నువ్వు తాగుతావా అక్కడ?"

"డ్యూటీలో తాగనివ్వరు. రుచి సరిపోయిందో లేదో స్ట్రా కొసతో ఒక చుక్క చూస్తాం, అంతే."

ఇంకేమీ అనలేదు. చెంబు మాత్రం పూజ సామాను వైపు పెట్టవద్దని చెప్పి లోపలికి వెళ్ళిపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చాక, ఐసు ఏమైందోనని ఫ్రీజర్ తీశాను. చేపలు లేవు. స్టీలు డబ్బా నిండా నీళ్ళు, అప్పుడే అంచులు గడ్డకడుతున్నాయి. వెనక నుంచి అమ్మ గొంతు వినిపించింది.

"కాచిన నీళ్ళే పోశాను. మూత గట్టిగా పెట్టు నాయినా, వాసన పడుతుంది."