రసీదు రాని రుసుము, చేతికందని ఐడీ కార్డు

కొత్త ఐడీ కార్డు ఇవాళే చేతికొచ్చింది. కోపం ఇంకా చల్లారలేదు కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నాను.

హైదరాబాద్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో పీజీ చదువుతున్నాను. కార్డు సిటీ బస్సులో పోయింది. మహాలక్ష్మి పథకం వచ్చాక ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సులో ఉచిత ప్రయాణానికి ఆధార్ చాలు కనుక రాకపోకలకు ఇబ్బంది లేదు. లైబ్రరీలో మాత్రం పుస్తకం ఇవ్వరు, చీకటి పడితే హాస్టల్ గేటు దగ్గర వాచ్‌మన్ ఆపేస్తాడు. పోలీసు శాఖ ఆన్‌లైన్ సేవలో దరఖాస్తు పెడితే కార్డు పోయినట్టు కాగితం వచ్చింది. విభాగాధిపతి అడగగానే సంతకం చేశారు. ఇంతవరకు అంతా సాఫీగానే సాగింది.

చిక్కంతా రుసుము దగ్గరే. నగదు తీసుకోరు, పోర్టల్‌లోనే కట్టాలి. యూపీఐతో కట్టాను. ఖాతాలోంచి డబ్బు పోయింది గానీ రసీదు రాలేదు. బ్యాంకు పంపిన సందేశం, అందులోని 12 అంకెల రిఫరెన్స్ నంబరు చూపిద్దామని ఫోను చాపితే ఐడీ సెక్షన్ గుమాస్తా దాని వైపైనా చూడలేదు.

"రసీదు ఏదమ్మా?"

"డబ్బు కట్ అయింది సార్, రసీదే రాలేదు."

"అయితే మాకు రానట్టే. మళ్లీ కట్టండి, లేకపోతే బ్యాంకుకు వెళ్లి అడగండి."

క్యాంపస్‌లోని బ్రాంచి ఆ భవనానికి ఎదురుగానే ఉంది. నా ఖాతా కూడా అక్కడే. కౌంటరు అద్దానికి 'పాస్‌బుక్ ప్రింటింగ్ లేదు' అన్న కాగితం, దాని కింద దారంతో కట్టిన పెన్ను, పెన్నులో ఇంకు లేదు. నా వంతు వచ్చేసరికి భోజన విరామం అన్నారు. మళ్లీ నిలబడ్డాను. కౌంటరులో ఉన్నాయన నా అర్జీని పైకెత్తి పట్టుకుని, వరుసలో చివరివాళ్లకు కూడా వినపడేలా, "పీజీ చదువుతున్నావు, ఫీజు కట్టడం కూడా రాదా?" అన్నాడు. నా వెనకే మా జూనియర్లు ఉన్నారు. ఎవరో కిసుక్కుమన్నారు. తల కొట్టేసినట్టయింది. అంతటితో వదల్లేదు. ఖాతా వివరాలు చెప్పాలంటే గుర్తింపు కార్డు చూపించాలట. ఆధార్ తీశాను. ఇది విద్యార్థి ఖాతా, యూనివర్సిటీ కార్డే కావాలట. ఆ కార్డు కోసమే కదండీ ఈ తిప్పలన్నీ అంటే, "అది నాకెందుకు చెబుతున్నావు?" అని తర్వాతి టోకెన్ పిలిచాడు. ఆధార్‌తోనే ఖాతా తెరిచిన బ్యాంకు ఇది!

పోర్టల్‌లో ఉన్న సహాయ నంబరుకు చేస్తే మోగి మోగి ఆగిపోయేది. విసిగిపోయి ఇంటర్నెట్‌లో వెతికితే అదే పోర్టల్ పేరుతో ఇంకో నంబరు కనిపించింది. ఒక్క రింగుకే ఎత్తారు. మంచి తెలుగు, "మేడమ్, అసౌకర్యానికి క్షమించండి" అన్న పలకరింపు. ఇన్ని గడపలు తొక్కితే నా గోడు మొదటినుంచి చివరిదాకా ఓపిగ్గా విన్నవాడు దొంగ ఒక్కడే! వాట్సాప్‌లో ఏదో యాప్ ఫైలు పంపి, అది ఫోనులో వేసుకుని పిన్ కొడితే డబ్బు వెనక్కి వస్తుందన్నాడు. నేను సంతలో బేరమాడే అమ్మకు పుట్టినదాన్ని. "డబ్బు నాకు రావడానికి నా పిన్ ఎందుకండీ?" అన్నాను. ధృవీకరణకట. మా క్యాంపస్ బ్రాంచి మేనేజరు పేరు చెప్పండి అనగానే ఫోను పెట్టేశాడు. ఆ నంబరును టెలికాం శాఖవారి సంచార్ సాథీ సైటులో, మోసపు కాల్స్ గురించి చెప్పే 'చక్షు' విభాగంలో ఫిర్యాదుగా పెట్టాను. డబ్బు పోయినవాళ్లు మాత్రం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోను చేయాలి. బ్యాంకు నంబరు కావాలంటే చివర డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అని ఉన్న అధికారిక సైటులోనే చూడండి. పిల్లలకు సైబర్ భద్రత మీద సదస్సులు పెట్టి బ్యానర్లు కట్టే పెద్దలు, ముందు తమ పోర్టల్ నంబరుకు ఫోను ఎత్తే మనిషిని ఒకరిని పెడితే ఈ దొంగలకు సగం గిరాకీ పోతుంది.

ఆ రాత్రే రిజర్వు బ్యాంకు 20 సెప్టెంబరు 2019 నాటి సర్క్యులర్ చదివాను. యూపీఐలో మన ఖాతాలోంచి డబ్బు పోయి, తీసుకునే సంస్థకు ఖరారు సమాచారం అందకపోతే, లావాదేవీ జరిగిన నాటినుంచి ఐదు రోజుల్లో దానంతట అదే వెనక్కి రావాలి. గడువు దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం, అదీ మనం అడగకుండానే. సర్క్యులర్ ప్రతిని జోడించి మేనేజరు పేరిట అర్జీ రాశాను. రెండు ప్రతులు తీసుకెళ్లండి, ఒకదాని మీద అర్జీ అందినట్టు ఇన్‌వర్డ్ ముద్ర, తేదీ వేయించుకోకుండా అక్కడినుంచి కదలకండి. నోటిమాటకు అక్కడ విలువ లేదు. మేనేజరు చదివి నన్ను కూర్చోమన్నారు. కౌంటరాయన్నే పిలిచి వివరాలు తీయమన్నారు. ఈసారి యూనివర్సిటీ కార్డు ఎవరూ అడగలేదు.

డబ్బు తిరిగి వచ్చింది, కానీ గడువు దాటాకే. మళ్లీ కట్టాను, రసీదు వెంటనే వచ్చింది, గుమాస్తా దాన్ని రెండు వైపులా తిప్పి చూసి దరఖాస్తు తీసుకున్నాడు.

పరిహారం ఇంకా జమ కాలేదు. రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాను. 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో పెట్టుకోవచ్చు, రుసుము లేదు. నేను పెడతాను. కౌంటరాయనకు ఆ మాట వరుసంతా వినేలా చెప్పే వచ్చాను.