ప్యారిస్‌లో గీసిన గీత, గొరిజియాలో రెండు చీపుళ్లు

వెనిస్ గురించి రాయను. రాసినవాళ్లు బోలెడుమంది ఉన్నారు. పబ్లిక్ టాయిలెట్‌కి వెళ్లాలంటే ఒకటిన్నర యూరో, అంటే మన డబ్బుల్లో దాదాపు నూట నలభై రూపాయలు కట్టాల్సి వచ్చేసరికి నా ఉత్సాహం సగం చచ్చింది. ఆ రాత్రి మా అబ్బాయి, "నాన్నా, అచ్చం మన ఊరి లాంటి ఊరు ఒకటుంది, రేపు పోదాం" అన్నాడు. వాడు ఇటలీలోనే పాడువాలో చదువుతున్నాడు. మాది ఎటపాక. రాములవారి గుడి ఉన్న భద్రాచలం తెలంగాణలో ఉంటే, దాన్ని ఆనుకునే ఉన్న మేం 2014 నుంచి ఆంధ్రలో ఉన్నాం. గుడి మాన్యాలు కూడా మా వైపు పురుషోత్తపట్నంలోనే ఉండిపోయాయి. అందుకే వాడి మాట పట్టుకుని బయల్దేరాను.

వెనిస్ పక్కనున్న మెస్త్రేలో రైలెక్కితే రెండు గంటలకు గొరిజియా. స్టేషన్ నుంచి అరగంట నడిచి ఒక చౌరస్తాకి చేరాం. ఎదురుగా ఇంకో రైల్వే స్టేషన్. 1906లో ఆస్ట్రియా-హంగరీ చక్రవర్తుల కాలంలో కట్టింది, గంభీరంగా ఉంది. చౌరస్తా మధ్యలో నేలకి ఒక గుండ్రటి లోహపు పలక తాపడం చేశారు. దానికి ఇటు ఇటలీ, అటు స్లొవేనియా. నేను అటూ ఇటూ నాలుగు అడుగులు వేశానో లేదో, జేబులో ఫోన్ మోగడం మొదలైంది. స్లొవేనియాకు స్వాగతం, ఇటలీకి స్వాగతం, మళ్లీ స్లొవేనియాకు స్వాగతం.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఇటలీకి, యుగోస్లావియాకి (స్లొవేనియా అప్పుడు అందులో భాగం) మధ్య సరిహద్దు ఎక్కడ ఉండాలో అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, సోవియట్ యూనియన్ నాలుగూ నాలుగు గీతలు గీశాయి. చివరికి ఫ్రాన్స్ గీసిందే ఖాయమైంది. 1947 ఫిబ్రవరి 10న ప్యారిస్‌లో ఒప్పందం మీద సంతకాలు జరిగాయి, సెప్టెంబర్ 15 నుంచి అమల్లోకి వచ్చింది. ఊరు ఇటలీకి, ఈ స్టేషన్ యుగోస్లావియాకి పోయాయి. చుట్టుపక్కల పల్లెలకు ఏ పని పడినా గొరిజియాకే రావాలి, ఇప్పుడు అది పరాయి దేశం. దాంతో యుగోస్లావియాలోని టిటో ప్రభుత్వం 1948లో పక్కనే ఖాళీ నేల మీద కొత్త ఊరు మొదలుపెట్టింది. అదే నోవా గొరిత్సా, అంటే కొత్త గొరిజియా. అదే ఒప్పందంతో ఇస్ట్రియా ద్వీపకల్పంలో చాలా భాగం కూడా యుగోస్లావియా చేతికి వెళ్లింది. ఆ ప్రాంతాల నుంచి రెండు లక్షలకు పైగా ఇటాలియన్లు ఇళ్లు వదిలి వెళ్లిపోయారు. అంతకుముందు ముస్సోలినీ కాలంలో ఇక్కడి స్లొవేనులకు బడిలో సొంత భాష లేకుండా చేశారు. ఎవరి బాధ ముందు, ఎవరిది తర్వాత అని నేను లెక్క తేల్చలేను.

స్టేషన్ ముందు బెంచీ మీద ఎనభై దాటిన పెద్దావిడ, పక్కన ఆమె మనవరాలు కూర్చుని ఉన్నారు. నేను పలక మీద అటూ ఇటూ తిరగడం చూసి ఆ అమ్మాయి నవ్వి పలకరించింది. నన్ను ఆ ఊళ్లో కట్టిపడేసింది ఈ పెద్దావిడే. ఆమె చెబుతుంటే మనవరాలు ఇంగ్లిష్‌లో చెప్పింది, నాకు అర్థం కానిది అబ్బాయి చెప్పాడు.

1950 ఆగస్టు 13, ఆదివారం. అప్పటికి మూడేళ్లుగా ఈ గీత దాటి అక్కాచెల్లెళ్లు ఒకరినొకరు ముట్టుకోలేదు. ఆ రోజు బంధువులు సరిహద్దు దగ్గర నిలబడి మాట్లాడుకోవచ్చన్న కబురు పాకింది. వేలమంది చేరారు. జనం ఒత్తిడికి కాపలావాళ్లు ఆగలేక పక్కకి తప్పుకున్నారు. అందరూ గొరిజియాలోకి పరుగెత్తి, బంధువుల్ని కావలించుకుని, దుకాణాల మీద పడ్డారు. ఎక్కువమంది కొన్నది చీపుళ్లు! యుగోస్లావియాలో అప్పుడు చీపురు దొరకడమే గగనమట. అందుకే ఇప్పటికీ ఆ రోజుని చీపుళ్ల ఆదివారం అంటారు. వాళ్లమ్మ ఈవిడను వెంటబెట్టుకుని వెళ్లి, చెల్లెలిని చూసి, రెండు చీపుళ్లు తెచ్చిందట. ఒకటి వాడింది. రెండోది అటక మీద పెట్టేసింది. "సరిహద్దు మళ్లీ ఎప్పుడు తెరుస్తారో" అనేదట.

ఇది వింటుంటే మా అక్క గుర్తొచ్చింది. ఆమె భద్రాచలంలో ఉంటుంది. మా మధ్య ముళ్లకంచె లేదు, తుపాకీ లేదు, భాష కూడా ఒక్కటే. యుద్ధం చూసిన ఊరితో మా ఊరిని సరితూచడం తప్పు. కానీ పోలవరం ముంపు పేరుతో మమ్మల్ని అటు కలిపినప్పుడు మా గడపకొచ్చి అడిగినవాళ్లు లేరు. భద్రాచలంలో అయ్యే పనికి కాకినాడ దాకా వెళ్లాల్సి వచ్చింది. ఆ కాగితాల బస్తా ఇప్పటికీ మా ఇంట్లో ఉంది.

తర్వాత అబ్బాయి స్నేహితుడు కారేసుకుని వచ్చి దగ్గర్లోని మిరెన్ అనే ఊరి శ్మశానానికి తీసుకెళ్లాడు. 1947లో గీత ఈ శ్మశానం మధ్య నుంచే వెళ్లింది. కొన్ని సమాధుల మీదుగానే ముళ్లతీగ లాగారు. 1975లో ఇటలీ, యుగోస్లావియా చేసుకున్న ఒప్పందం దాకా అలాగే ఉంది. ఇప్పుడు పచ్చగడ్డి, తాజా పూలు. ఒక రాయి దగ్గర నిలబడి, తల ఏ దేశంలో, కాళ్లు ఏ దేశంలో ఉండేవో అనుకుంటే గొంతు పట్టేసింది. అక్కడ నేను ఫోటో తీయలేకపోయాను.

2004లో స్లొవేనియా యూరోపియన్ యూనియన్‌లో చేరినప్పుడు చౌరస్తాలో కంచె తీశారు. 2007 డిసెంబర్ నుంచి తనిఖీలూ పోయాయి. 2020 మార్చిలో కోవిడ్ వచ్చి మళ్లీ అక్కడే కంచె వేశారు. పెద్దావిడ కూతురు గొరిజియా వైపు కాపురం ఉంటోంది. ఇద్దరూ చెరో కుర్చీ తెచ్చుకుని కంచెకి చెరోవైపు కూర్చునేవారట. "మా అమ్మ చీపురు గుర్తొచ్చింది" అని ఆమె అన్నప్పుడు మనవరాలు కాసేపు తర్జుమా చేయకుండా ఆగింది.

సాయంత్రం కాజా రోస్సా అనే చోట సరిహద్దు దాటి ఇటలీలోకి వస్తున్నాం. 1950లో జనం తోసుకొచ్చింది ఆ దారినే. 2023 అక్టోబర్ నుంచి ఇటలీ మళ్లీ ఇక్కడ తనిఖీలు పెట్టింది. నేను కంగారుగా పాస్‌పోర్ట్ కోసం బ్యాగంతా వెతుకుతున్నాను. మా ముందు కారులో కూరగాయల సంచులతో ఒక నడివయసు ఆమె ఉంది. పోలీసు ఇంకా నాలుగడుగుల దూరంలో ఉండగానే, అడగకుండానే, కార్డు పట్టుకుని కిటికీలోంచి చెయ్యి బయటికి చాపింది.