బూస్ట్ ఎటు పోతోందో ముప్పాతిక దొరికింది

దొరికింది! పూర్తిగా కాదు, ముప్పాతిక. ఎండలు మొదలైనప్పట్నుంచి నా బుర్ర తినేస్తున్న, నా బోట్ ఇంజిన్ వేడెక్కాక బూస్ట్ (సూపర్‌ఛార్జర్ ఇంజిన్‌లోకి అదనంగా తోసే గాలి ప్రెజర్) పడిపోయే రోగం ఉంది చూశారా, అందులో 0.19 బార్ పోతుంటే 0.14 వెనక్కొచ్చింది, మిగతా 0.05 ఎక్కడ దాక్కుందో కూడా గట్టి అనుమానమే ఉంది. ఇంకో విషయం, అందరూ అంటున్నట్టు సూపర్‌ఛార్జర్లోని క్లచ్ కాదు. మళ్ళీ చెప్తున్నా, క్లచ్ కాదు.

కొత్తగా చదివేవాళ్ళకి: 14 అడుగుల ఫైబర్ హల్ (బోట్ బాడీ), అందులో పాత జెట్ స్కీ నుంచి తీసి పెట్టిన రోటాక్స్ 1503 ఫోర్‌టెక్, మూడు సిలిండర్లు, 1494 సీసీ, 215 హార్స్‌పవర్ వెర్షన్, జెట్ పంప్ (నీళ్ళని వెనక్కి చిమ్మి బోట్‌ని తోసేది) కూడా దానిదే. సెంట్రిఫ్యూగల్ సూపర్‌ఛార్జర్, అంటే ఇంపెల్లర్ అనే చిన్న ఫ్యాన్ గాలిని నొక్కి ఇంజిన్‌లోకి తోస్తది, బెల్ట్ గొడవ లేదు, క్రాంక్ నుంచి గేర్ మీదే తిరుగుద్ది, ఇంజిన్ 8,000 ఆర్‌పీఎం దగ్గరుంటే ఇంపెల్లర్ 45,000 దాకా పోద్ది. పంప్ చుట్టూ ఉండే వేర్ రింగ్ మార్చా, స్టీరింగ్ కేబుల్ సెట్ అయ్యింది, ట్రైలర్ లైట్లు వెలుగుతున్నాయి, వాటి గురించి ఇంతే.

ఇక రోగం. చెన్నై పక్కన కోవళం దగ్గర పొద్దున్నే దించి ఫుల్ థ్రాటిల్ కొడితే మొదటి మూణ్ణాలుగు నిమిషాలు 7,920 ఆర్‌పీఎం, 0.54 బార్, అద్భుతం. ఆ తర్వాత ఎవరో నెమ్మదిగా గొంతు నొక్కుతున్నట్టు 7,800, 7,600, చివరికి 7,480 దగ్గర ఆగుద్ది, బూస్ట్ 0.35. పది నిమిషాలు ఆపి బానెట్ తెరిచి ఉంచితే మళ్ళీ మామూలు. ఎర్రర్ కోడ్ లేదు, ఓవర్‌హీట్ వార్నింగ్ లేదు. పంప్ వైపు తేడా అయితే ఆర్‌పీఎం పెరిగి స్పీడ్ తగ్గాలి, ఇక్కడ రెండూ కలిసి తగ్గుతున్నాయి, కాబట్టి ఇంజిన్‌కి గాలే సరిగ్గా అందట్లేదు. ఇంటి దగ్గర ట్రైలర్ మీద పెట్టి ఎంత చూసినా ఏమీ కనపడదు, లోడ్ లేకుండా ఆ ఆర్‌పీఎం ఎలాగూ కొట్టలేం కదా.

గేజ్ మీదే ముందు డౌట్ వచ్చి వేరేది పెట్టా, అదే రీడింగ్. ఇన్‌టేక్ మొత్తం రెండు వైపులా మూసి 0.7 బార్ గాలి ఎక్కించి సబ్బు నీళ్ళు పూశా, ఒక్క బుడగ లేదు.

కాశిమేడు చేపల రేవులో డీజిల్ బోట్లు రిపేర్ చేసే అన్న ఉన్నాడు, నెల్లూరు మనిషి, ముప్పై ఏళ్ళ నుంచి ఇక్కడే. ఆయన చూసి "క్లచ్చే అబ్బయా, ఇంకేం చూడబన్లా" అని తేల్చేశాడు. మా బావదీ అదే పాట. వాళ్ళ వాదన చెత్తదేం కాదు. ఈ సూపర్‌ఛార్జర్లో గేర్‌కీ షాఫ్ట్‌కీ మధ్య స్లిప్ క్లచ్ ఉంటది, స్ప్రింగ్ వాషర్లు నొక్కి పట్టుకుంటాయి, బోట్ అల మీద ఎగిరి పంప్ గాల్లోకొచ్చి మళ్ళీ నీళ్ళలో పడ్డప్పుడు ఆ దెబ్బకి గేర్ పళ్ళు విరగకుండా కాస్త జారాలి, అందుకే అది పెట్టారు. పాత యూనిట్లలో సిరామిక్ వాషర్లు ఉండేవి, అవి పగిలి ముక్కలు ఆయిల్‌లోకి పోయి ఇంజిన్లు పోయిన కథలు అందరికీ తెలుసు, నాది స్టీల్‌కి మార్చి చాన్నాళ్ళయ్యింది. ఆయిల్ వేడెక్కి పల్చబడితే పట్టు తగ్గుద్ది, జారుద్ది, బూస్ట్ పోద్ది. వినడానికి పక్కాగా ఉంది కదా?

సరే అని విప్పా. గేర్‌ని వైస్‌లో పట్టించి టార్క్ రెంచ్‌తో తిప్పితే చల్లగా ఉన్నప్పుడు 12.5 న్యూటన్ మీటర్ దగ్గర జారింది. వేడిగా ఉంటే? అల్యూమినియం గిన్నెలో ఆయిల్ పోసి ఇండక్షన్ స్టవ్ మీద 90 డిగ్రీలకి తెచ్చి, క్లచ్ భాగాన్ని అందులో అరగంట ఉంచి, చల్లారేలోపు గబగబా కొలిచా, 9.8 వచ్చింది. (ఆ గిన్నె ఇక వంటింటి గడప తొక్కదు, ముందే ఒప్పందం.) అంటే అన్న చెప్పిందే నిజం, వేడికి పట్టు తగ్గుతోంది. కానీ తగ్గితే తగ్గింది, అసలు ఎంత కావాలి? ఇది ఎవ్వరూ అడగరేం!

లెక్క వేశా. ఈ ఇంజిన్ ఆ ఆర్‌పీఎంలో, ఆ బూస్ట్‌లో మింగే గాలి సెకనుకి సుమారు 0.15 కిలో. సూపర్‌ఛార్జర్ దాన్ని దాదాపు 65 డిగ్రీలు వేడెక్కిస్తది. కిలో గాలిని ఒక డిగ్రీ పెంచడానికి ఒక కిలోజౌల్, అంటే మొత్తం 10 కిలోవాట్ల దగ్గర. 45,000 ఆర్‌పీఎం అంటే సెకనుకి 4,700 రేడియన్లు. భాగిస్తే 2.1 న్యూటన్ మీటర్. బేరింగులూ అవీ ఇవీ కలిపి ఉదారంగా 3 అనుకుందాం. నా క్లచ్ వేడిలో కూడా 9.8 పట్టుకుంటోంది, మూడింతలు! నిలకడగా ఒకే థ్రాటిల్‌లో పోతుంటే అది జారే ప్రశ్నే లేదు. థ్రాటిల్ టక్కున వదిలి పట్టినప్పుడు, అల మీంచి పడ్డప్పుడు, ఆ ఇంపెల్లర్ బరువుని ఒక్కసారిగా తిప్పాల్సొచ్చినప్పుడు జారుద్ది, అది దాని డ్యూటీ. వాషర్ల మీద కూడా నీలం మరక గానీ మాడిన వాసన గానీ లేవు. కాబట్టి బూస్ట్ తగ్గితే చాలు క్లచ్ కిట్ కొనెయ్యండి అని సలహా ఇచ్చేవాళ్ళు ముందు ఈ భాగహారం చెయ్యండి ప్లీజ్, ఆ కిట్ ఏమన్నా చవగ్గా వస్తోందా, దిగుమతి సుంకంతో కలిపి చూస్తే కళ్ళు తిరుగుతాయి.

రెండో అనుమానం ఇంటర్‌కూలర్, సూపర్‌ఛార్జర్లో వేడెక్కిన గాలిని ఇంజిన్‌లోకి పోయేముందు నీళ్ళతో చల్లబరిచేది. ఈ ఇంజిన్‌కి బ్లాక్ కూలింగ్ క్లోజ్డ్ లూపే (లోపలే తిరిగే కూలెంట్) గానీ ఇంటర్‌కూలర్‌కి బయటి నీళ్ళే, అంటే మనకి సముద్రం ఉప్పే. నీటి వైపు తెల్లగా పేరుకుపోయి ఉంది. ఒకే ఎత్తులో బకెట్ పెట్టి సైఫన్‌తో లీటర్ నీళ్ళు వదిలితే 19 సెకన్లు పట్టింది. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు 5 శాతం కలిపి గోరువెచ్చగా తిప్పితే 11 సెకన్లకొచ్చింది. బాత్రూమ్ యాసిడ్ మాత్రం పోయొద్దు, అల్యూమినియం తినేస్తది. లోపల గాలి వైపు బ్రీదర్ (ఇంజిన్ లోపలి ఆవిర్లు పోయే గొట్టం) నుంచొచ్చిన ఆయిల్ జిడ్డు కూడా కడిగా. ఇంటర్‌కూలర్ తర్వాత గాలి 81 డిగ్రీల నుంచి 74కి దిగింది. మంచిదే. బూస్ట్ మాత్రం అదే 0.35, ఒక్క గీత కదల్లేదు! ఆ రోజు ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్) మీద ట్రైలర్ లాక్కొస్తూ ఈ బోట్‌ని అమ్మేద్దామా అన్నంత విసుగొచ్చింది.

అప్పుడు తట్టింది, ఇప్పటిదాకా చూసిందంతా సూపర్‌ఛార్జర్ తర్వాతిది, ముందు వైపు చూడనే లేదు. నా సబ్బు నీళ్ళ టెస్ట్ కూడా లోపల్నుంచి బయటికి తోసే ప్రెజర్‌తో చేసింది, నడుస్తున్నప్పుడు ఆ వైపు ఉండేది పీల్చుడు. ప్యారిస్ కార్నర్ వైపు వెళ్ళి ఆసుపత్రి సక్షన్ మెషీన్‌కి పెట్టే వాక్యూమ్ డయల్ ఒకటి కొని (పాదరసం మిల్లీమీటర్లలో చూపిస్తది, కార్ల గేజ్‌ల కంటే చవక, చదవడానికీ సుఖం) సూపర్‌ఛార్జర్ నోటి దగ్గర చిన్న నిపుల్ పెట్టి కలిపా. చల్లగా ఉన్నప్పుడు ఫుల్ థ్రాటిల్‌లో 22. వేడెక్కాక 40, 65, 98! నోటి దగ్గరే వాతావరణ పీడనంలో ఎనిమిదో వంతు మాయం అయిపోతే ఇంపెల్లర్ మాత్రం ఏం చేస్తది పాపం, దొరికిన దాన్నే ఒకటిన్నర రెట్లు చేసి పంపుద్ది. వాతావరణ పీడనం 1.01 బార్ లోంచి 0.13 తీసేసి, ఆ ఒకటిన్నర రెట్లు అన్నానే, కచ్చితంగా 1.54, దాంతో గుణిస్తే 1.36 వస్తది, అందులోంచి బయటి 1.01 పోతే గేజ్ మీద 0.35. అచ్చంగా నా రీడింగ్. లెక్క కుదిరినప్పుడు నేనొక్కణ్ణే బోట్‌లో కూర్చుని కేక పెట్టా, పక్క వలల పడవ వాళ్ళు తిరిగి చూశారు.

బావ యాక్షన్ కెమెరా అడిగి ఇంజిన్ బాక్స్‌లో లైట్‌తో సహా బిగించా. వీడియోలో క్లియర్‌గా ఉంది. ఎయిర్ బాక్స్ నుంచి సూపర్‌ఛార్జర్‌కి వచ్చే 3 అంగుళాల రబ్బర్ హోస్, మలుపు దగ్గర, నాలుగో నిమిషం దాటాక, కొబ్బరిబోండాంలో మెత్తబడ్డ పేపర్ స్ట్రా లాగా నొక్కుకుపోతోంది. థ్రాటిల్ వదలగానే మళ్ళీ గుండ్రం. అందుకే ఒడ్డుకొచ్చి చూస్తే ఏమీ దొరకదు.

ఇది నా హల్‌కి సరిపోయేట్టు కొన్న హోస్, ఒరిజినల్ పార్ట్ కాదు. లోపల స్టీల్ వైర్ ఉంది అని చెప్పి అమ్మాడు కొట్టువాడు, అంచు దగ్గర వైర్ కనపడుతోంది కూడా. బ్లేడ్ పెట్టి నిలువునా కోశా. రెండు చివర్ల నుంచీ వైర్ చుట్టలు ఉన్నాయి, సరిగ్గా మలుపు దగ్గర 6 సెంటీమీటర్లు ఖాళీ! వైర్ లేదు, ఉత్త రబ్బర్, గోడ మందం వేరే చోట 5 మిల్లీమీటర్లు ఉంటే అక్కడ 3.5. కోసిన ముక్క మీద 2 కిలోల తూకపు రాయి పెడితే చల్లగా 4 మిల్లీమీటర్లు కుంగింది, 70 డిగ్రీల నీళ్ళలో ముంచి తీశాక 11 కుంగింది. ఇంజిన్ బాక్స్‌లో ఆ హోస్ పైభాగం టెంపరేచర్ గన్‌తో 73 వచ్చింది కాబట్టి అక్కడ జరిగేది అదే.

తాత్కాలికంగా మలుపు భాగానికి పుదుపేటలో దొరికిన కారు అల్యూమినియం బెండ్ పెట్టి, రెండు పక్కలా చిన్న సిలికాన్ ముక్కలు, టీ బోల్ట్ క్లాంపులు. స్క్రూ తిప్పి బిగించే మామూలు వార్మ్ క్లిప్పుల మీద నాకు నమ్మకం లేదు, 304 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీల్ అని అమ్మేవి కూడా ఉప్పు గాలికి ఒక సీజన్‌లో గోధుమ రంగు తిరుగుతాయి, 316 అడగండి. ఇప్పుడు వేడిలో వాక్యూమ్ 23, బూస్ట్ 0.49, ఆర్‌పీఎం 7,790.

మిగతా 0.05 సంగతి. ఎయిర్ బాక్స్ పీల్చుకునేది ఇంజిన్ బాక్స్ లోపలి గాలినే. థర్మోకపుల్ (వైర్ రకం థర్మామీటర్) పెడితే మొదట్లో 35 డిగ్రీలు, పది నిమిషాలకి 61. సెంట్రిఫ్యూగల్‌తో వచ్చే చిక్కు ఇది, అదే వేగంలో తిరిగినా వేడి గాలి పల్చగా ఉంటది కాబట్టి ప్రెజర్ రేషియోనే (గాలిని ఎన్ని రెట్లు నొక్కుతుందో ఆ లెక్క) తగ్గుద్ది. నా లెక్కలో 1.58 కాస్తా 1.53 దగ్గరికి రావాలి, అంటే బూస్ట్ 0.49, 0.50 మధ్య. దాదాపు అంతే వస్తోంది కదా.

దీని మీద బావ అంటాడు, అందుకే రూట్స్ రకం (రెండు రోటర్లు తిరిగి ప్రతి చుట్టుకీ ఇంత గాలి అని తోసే సూపర్‌ఛార్జర్) పెట్టుకోవాల్సింది, కవాసాకి అల్ట్రా 300ఎక్స్ జెట్ స్కీలో 2011లోనే ఈటన్ కంపెనీ టీవీఎస్ అనే ఆ రకందే పెట్టారు, కింది నుంచే తన్నుద్ది అని. తన్నుద్ది, కాదన్ను. బరువైన హల్‌ని నీళ్ళలోంచి లేపాలంటే అదో, మెర్క్యురీ కంపెనీ బోట్ ఇంజిన్ వెరాడో 2.6 లీటర్‌లో వాడిన స్క్రూ రకమో బాగుంటది. కానీ జెట్ పంప్ అడిగే పవర్ ఆర్‌పీఎం ఘనంతో పెరుగుద్ది, సెంట్రిఫ్యూగల్ బూస్ట్ ఆర్‌పీఎం వర్గంతో పెరుగుద్ది, రెండూ ఒకే దారిలో పోతాయి, కింద అవసరం లేని చోట బూస్ట్ చేసి గాలిని వేడెక్కించడం ఎందుకు? అసలు 2018లో మెర్క్యురీ వాళ్ళే 4.6 లీటర్ల వీ8 తెచ్చి 300 హార్స్‌పవర్ సూపర్‌ఛార్జర్ లేకుండా ఇచ్చారు, క్యూబిక్ కెపాసిటీ ఉంటే ఈ తంటాలే లేవు. మన దగ్గర 14 అడుగుల హల్‌లో వీ8 ఎక్కడ పెడతాం, అది వేరే సంగతి.

ఆయిల్ గురించి అడిగారు కొందరు. కారు ఆయిల్ వద్దు, ఫ్రిక్షన్ మాడిఫయర్లు ఉంటాయి, స్లిప్ క్లచ్‌కి పడవు. రోటాక్స్ ఇంజిన్ల కంపెనీ బీఆర్‌పీ వాళ్ళ ఎక్స్‌పీఎస్ ఆయిల్ మంచిదే, తెప్పించుకునే ఓపిక నాకు లేదు. మోటుల్ 7100 10డబ్ల్యూ40, జాసో ఎంఏ2 (ఆయిల్‌లో తడిసే క్లచ్‌లకి పనికొచ్చే గ్రేడ్) ఉన్న బైక్ ఆయిల్, జీపీ రోడ్‌లో ఏ కొట్లో అయినా దొరుకుద్ది, అదే వాడుతున్నా, నలుపెక్కకముందే మార్చేస్తా.

ఇక తర్వాతి పని, ఇంజిన్ బాక్స్ బయటి నుంచి గాలి తెచ్చుకోవడం. డెక్ మీద వెనక్కి తిరిగిన స్నార్కెల్ (గాలి పీల్చే గొట్టం), మధ్యలో నీళ్ళు దిగే బాక్స్, అడుగున ఒక్క దారి వాల్వ్, అక్కణ్ణుంచి 3 అంగుళాల అల్యూమినియం పైపు నేరుగా సూపర్‌ఛార్జర్‌కి. అంబత్తూరులో టిగ్ వెల్డింగ్ చేసేవాడితో మాట్లాడా, అట్టముక్కతో టెంప్లేట్ చేసి తీసుకురమ్మన్నాడు. నా భయమల్లా అల కొట్టినప్పుడు ఆ బాక్స్ ఎన్ని నీళ్ళు ఆపగలదు అనేదే, 45,000 మీద తిరిగే ఇంపెల్లర్‌కి గుక్కెడు ఉప్పునీళ్ళు తగిలితే ఏమవుతుందో ఊహించక్కర్లేదు. మొదట ఫిల్టర్ బదులు టిష్యూ పేపర్ చుట్టిన డమ్మీ పెట్టి, ఇంజిన్‌కి కలపకుండా, ఉత్తినే ఒక రౌండ్ అలల్లో తిప్పి ఎంత తడిసిందో చూస్తా. అక్టోబర్ వానలు పట్టుకునేలోపు ఇది అవ్వాలి, తర్వాత బోట్ ఎలాగూ షెడ్‌లోనే. పెద్ద ఇంపెల్లర్ వేద్దామని బావ సతాయిస్తున్నాడు, ఇంటర్‌కూలర్ తర్వాత గాలి 60 కిందికి వచ్చేదాకా ఆ మాటే ఎత్తొద్దని చెప్పేశా. 3 అంగుళాలకి సరిపోయే సముద్రపు రకం ఒక్క దారి డ్రెయిన్ వాల్వ్ చెన్నైలో ఎక్కడ దొరుకుద్దో తెలిసినవాళ్ళు చెప్పండి, ప్లంబింగ్ కొట్లో ఇచ్చిన పీవీసీది స్ప్రింగ్ అప్పుడే తుప్పు పట్టేసింది.