నాన్న సంతకం లేకుండా పాపకు పాస్‌పోర్ట్ తీశాను

మేమిద్దరం విడిగా ఉంటున్నాం. విడాకుల కేసు ఫ్యామిలీ కోర్టులో నడుస్తోంది, తొమ్మిదేళ్ల పాప నా దగ్గరే ఉంటుంది. వేసవి సెలవుల్లో సింగపూర్‌లో ఉన్న మా అక్క దగ్గరికి తీసుకెళ్దామని పాస్‌పోర్ట్ మాటెత్తితే, "నా సంతకం లేకుండా ఎలా వస్తుందో చూస్తా" అన్నాడు పాప నాన్న. చుట్టాల్లో సగంమంది ఆయన్నే బతిమాలుకోమన్నారు, మిగతావాళ్లు ముందు కోర్టు ఆర్డర్ తెచ్చుకోమన్నారు.

దరఖాస్తుకు ఆ రెండూ అక్కర్లేదు. దరఖాస్తుతో ఒక ప్రకటన పత్రం ఇస్తే చాలు, దాన్నే అనెగ్జర్ అంటారు. తల్లిదండ్రులిద్దరూ ఒప్పుకుంటే ఇచ్చేది అనెగ్జర్ డి. ఒకరు ఒప్పుకోకపోతే రెండోవాళ్లు ఒక్కరే సంతకం పెట్టి ఇచ్చేది అనెగ్జర్ సి. 2016 డిసెంబర్‌లో నిబంధనలు మార్చాక వీటికి తెల్లకాగితం చాలు, నోటరీ కూడా అవసరం లేదు. అయినా మా వీధిలో నెట్ సెంటర్ అతను "స్టాంప్ పేపర్ మీద అయితే సేఫ్ మేడమ్" అంటూనే ఉన్నాడు. ఎవరికి సేఫో మరి!

జాగ్రత్త పడాల్సింది అందులో రాసే విషయం దగ్గరే. సమ్మతి ఎందుకు లేదు, పిల్ల ఎవరి దగ్గరుంది, కోర్టులో కేసుందా, పాస్‌పోర్ట్ ఇవ్వొద్దని ఉత్తర్వులేమైనా ఉన్నాయా అన్నవి ఉన్నదున్నట్టు రాయాలి. కేసు సంగతి రాయొద్దని ఒకరిద్దరు సలహా ఇచ్చారు. నేను కేసు నంబరుతో సహా రాశాను. సమాచారం దాచి తీసుకున్న పాస్‌పోర్ట్‌ను రద్దు చేసే అధికారం 1967 పాస్‌పోర్ట్ చట్టం 10వ సెక్షన్‌లోనే ఉంది. అవతలి మనిషి ఒక్క ఉత్తరం రాస్తే చాలు.

ఆన్‌లైన్‌లో 1000 రూపాయలు కట్టి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో ఎ, బి, సి అని మూడు కౌంటర్లు వరసగా దాటాలి. ఎ కౌంటర్‌లో పాప ఫొటో తీసి, కాగితాలు స్కాన్ చేశారు. టెన్షన్ అంతా బి కౌంటర్‌లోనే.

"నాన్నగారి సంతకం ఏదమ్మా? లేకపోతే కోర్టు ఆర్డర్ కావాలి."

"సార్, అనెగ్జర్ సి పెట్టాను కదా. అది చాలదంటే ఆ మాటే రాసివ్వండి, తీసుకెళ్తాను."

ఆయన మొహం చిట్లించి ఫైలు తీసుకుని సి కౌంటర్‌లోని మేడమ్ దగ్గరికి వెళ్లారు. ఆవిడ మొత్తం చదివి, పాపను "ఎవరి దగ్గర ఉంటున్నావమ్మా?" అని అడిగి, ఫైలును ప్రాంతీయ పాస్‌పోర్ట్ కార్యాలయానికి పంపారు. అక్కడ రాతపూర్వక వివరణ, పిటిషన్ కాపీ, నా పేరూ చిరునామా ఉన్న స్కూల్ రికార్డులు ఇచ్చాను. తర్వాత పోలీస్ వెరిఫికేషన్. కానిస్టేబుల్ గారూ నాన్న సంగతే అడిగారు, పక్కింటివాళ్లను కూడా. చివరికి స్పీడ్ పోస్ట్‌లో పాస్‌పోర్ట్ వచ్చింది, 5 ఏళ్లు చెల్లుబాటయ్యేలా.

పాస్‌పోర్ట్ వచ్చింది కదా అని వెంటనే విమానం ఎక్కేయకూడదు. షెంగెన్ (చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చేది) లాంటి కొన్ని వీసాలకు రెండో పేరెంట్ సమ్మతి పత్రం మళ్లీ అడుగుతారు. నా విషయంలో కస్టడీ తేలలేదు కాబట్టి, కోర్టుకు చెప్పకుండా పిల్లను దేశం దాటించొద్దని లాయర్ గారు గట్టిగా చెప్పారు. వెళ్లే తేదీ, తిరిగొచ్చే తేదీ రాసి అనుమతి కోసం పిటిషన్ వేశాం. ఆయన తరఫు లాయర్ వాయిదా అడిగాడు. వేసవి సెలవులు ఎలాగూ అయిపోయాయి, ఇప్పుడు చూపంతా దసరా సెలవుల మీదే.